‘అయిపోయినట్టే’ అంటే ఎంత అయినట్టు? పని నడకను పట్టుకునే పద్ధతుల్లో మీకేది సరిపోతుంది

"ఏం మేస్త్రీ, గోడ ఎందాక వచ్చింది?"

"అయిపోయినట్టే సార్, ఇంక గింత ఉన్నది."

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు కట్టుబడి పనులు చేయించేవాళ్లు వారానికి రెండుసార్లైనా వినే మాట ఇది. మేస్త్రీ అబద్ధం చెప్పడం లేదు. ఆయన కళ్లకు నిజంగానే అయిపోయినట్టు ఉంది. కానీ ఆ ‘గింత’లో ఒక మూల మీద రెండు వరసలే ఉండొచ్చు, లింటెల్ (తలుపులు, కిటికీల మీది అడ్డ దూలం) పైన గోడంతా ఉండొచ్చు. మనం ఆ మాట పట్టుకుని సెంట్రింగ్ వాళ్లను పిలుస్తాం. వాళ్లు వచ్చి, చూసి, ఇంకో సైటుకు పోతారు. మళ్లీ దొరికేసరికి పది రోజులు.

గోదాములు, బడి గదులు, ఇళ్లు, ప్రహరీలు, రెండు మూడు చెక్‌డ్యాములు: పదిహేనేళ్లుగా ఇలాంటి చిన్న, మధ్యస్థం పనులే చేయిస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు, సొంతిల్లు మొదలుపెట్టినవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. పని ఎలా నడుస్తోందో చూసుకోవడానికి నోటుబుక్కు చాలా, ఎక్సెల్ నేర్చుకోవాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా అని. అన్నీ వాడి చూశాను కాబట్టి నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

ఏ పద్ధతినైనా నేను రెండు ప్రశ్నలతో తూస్తాను. పని గాడి తప్పిన రోజు నుంచి ఎన్నాళ్లకు అది నాకు ఆ సంగతి చెబుతుంది? ఆ లెక్క రాయాల్సిన మనిషి ఎండలో సైటు మీద ఉంటాడు కదా, రోజుకు ఎన్ని నిమిషాలు దానికి పెట్టగలడు? మొదటి ప్రశ్నకు ‘నెల తర్వాత’ అనే జవాబు వచ్చే పద్ధతి ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు, ఎందుకంటే నెల తర్వాత సరిదిద్దడానికి ఏమీ మిగలదు. రెండో ప్రశ్నకు ‘అరగంట’ అని వస్తే, రెండు వారాలు రాసి మూడో వారం మానేస్తారు. మానేసిన లెక్క అసలు లేని లెక్క కన్నా ప్రమాదం. ఉందనుకుని మనం ధైర్యంగా ఉంటాం.

రోజు పుస్తకం

అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చవక. పొడుగాటి రూళ్ల పుస్తకం, ఒక పెన్ను. దీన్ని చాలామంది హాజరు పుస్తకంగా మార్చేస్తారు. ఎంతమంది వచ్చారు, ఎంత ఇచ్చాం, అంతే. అది కూలి లెక్క అవుతుంది కానీ పని లెక్క కాదు. రోజు పుస్తకంలో ఉండాల్సింది కొలత. మాడుగులపల్లి దగ్గర ఒక ప్రహరీ పనిలో నా సూపర్‌వైజర్ రాసిన పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

"సుతారి 3, కూలీ 5. తూర్పు గోడ 32 అడుగులు, 4 వరసలు. ఇటుక లారీ రాలేదు. 2 గంటల నుంచి ఖాళీ."

నాలుగే వాక్యాలు. (సుతారి అంటే గోడ కట్టే మనిషి.) రాయడానికి మూడు నిమిషాలు పట్టదు. కానీ ఆ చివరి వాక్యం, ‘2 గంటల నుంచి ఖాళీ’ అన్నది, మొత్తం పేజీకి ప్రాణం. నెలాఖరున ఆ పుస్తకం ముందేసుకుని ఖాళీ అని రాసినచోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. 26 పని దినాల్లో 9 పూటలు ఖాళీ. అందులో ఐదు పూటలు నీళ్లు లేక. బోరు మోటారు మాటిమాటికి కాలిపోతోంది, ట్యాంకర్ చెప్పడానికి ఎవరికి వాళ్లు పక్కవాళ్ల మీద వదిలేశారు. సుతారీలు నెమ్మదిగా చేస్తున్నారని అప్పటిదాకా వాళ్ల మీద కోపంగా ఉన్నాను. వాళ్ల తప్పేం లేదు. ఆ మర్నాడే 5,000 లీటర్ల సింటెక్స్ ట్యాంకు పెట్టించాం. ఇంకో నెల ఖాళీలు రెండు పూటలకు దిగాయి.

ఈ పద్ధతి లోపం ఏమిటంటే, ఇది జరిగింది చెబుతుంది, జరగాల్సింది చెప్పదు. నాలుగు వరసలు ఎక్కువా తక్కువా అన్నది ఆ పేజీలో లేదు. పక్కన ఒక ప్రణాళిక ఉంటేనే ఆ అంకెకు అర్థం.

వాట్సాప్ ఫొటోలు దీనికి తోడుగా బాగుంటాయి, దీని బదులుగా మాత్రం పనికిరావు. ఫొటోలో గోడ కనిపిస్తుంది, పొడవు కనిపించదు. ఫొటోలే పెట్టించుకోవాలనుకుంటే ఒక షరతు పెట్టండి: రోజూ ఒకే చోట నిలబడి, ఒకే వైపుకు, సాయంత్రం ఒకే వేళకు. అలా తీసిన ముప్పై ఫొటోలు వరసగా చూస్తే పని నడక కళ్లకు కడుతుంది. ఎటు పడితే అటు తీసిన 300 ఫొటోలు చూసినా ఏమీ తెలియదు.

సర్కారు పనులు చేసేవాళ్లకు ఎం బుక్ (కొలతల పుస్తకం) ఎలాగూ ఉంటుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతలు రాస్తారు, డీఈఈ (ఆయన పైఅధికారి) సరిచూస్తారు, దాని మీద బిల్లు లేస్తుంది. దాన్నే పని నడక చూసుకునే సాధనం అనుకోవద్దు. అది బిల్లు కోసం పుట్టింది. కొలతలు ఎక్కేనాటికి ఆ పని అయిపోయి ఎన్నాళ్లో అయి ఉంటుంది.

గోడ మీది బార్ చార్టు

హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీరు 1910ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. వందేళ్లు దాటినా సైటు మీద దీనికి మించిన బొమ్మ రాలేదని నా అభిప్రాయం. పెద్ద చార్టు షీటు మీద పైన వారాలు, పక్కన పనులు, ప్రతి పనికీ ఒక పట్టీ. అనుకున్నది నీలం రంగు, అయినది దాని కిందే ఎరుపు. సిమెంట్ గది గోడకు అంటించాలి. చదువు రాని మేస్త్రీ కూడా దూరం నుంచి చూసి ‘మనం వెనకపడ్డం’ అంటాడు. ఎక్సెల్‌లో గీసుకున్నా సరే, ప్రింటు తీసి గోడకు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఉన్న చార్టు ఒక్కరికే కనిపిస్తుంది.

మనవైపు బార్ చార్టు గీసేటప్పుడు మొదట పనులు రాయొద్దు. మన చేతిలో లేని తేదీలు ముందు రాయాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. నాట్లప్పుడు ఊరి కూలీలు పొలానికి పోతారు, పత్తి ఏరేటప్పుడు మళ్లీ పోతారు, వద్దన్నా మానరు, మానకూడదు కూడా, వాళ్ల ఏడాది తిండి అది. బతుకమ్మ, దసరాకు వారం పోతుంది. మే నెలలో మధ్యాహ్నం పని ఆపాల్సిందే. పాలమూరు నుంచి వచ్చే గుంపులతో పని పెట్టుకుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దేశమంతా డ్యాములు, కాల్వలు కట్టిన చేతులవి. ఎక్కడో దూరపు సైటుకు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటే ఆ తేదీకి కదిలిపోతారు. ఇవన్నీ చార్టు మీద బూడిద రంగు పట్టీలుగా ముందే వేస్తే, ఆరు నెలల పనికి నిజంగా ఎన్ని వారాలు ఉన్నాయో తెలుస్తుంది. నాకైతే ఎప్పుడూ నాలుగు నెలలకు మించి తేలలేదు.

చార్టు చెప్పలేనిది ఒకటుంది. పది పట్టీల్లో మూడు వెనకపడితే ఏది ముందు పరుగెత్తించాలి? రంగు ఆలస్యమైతే ఒకటి, సెంట్రింగ్ ఆలస్యమైతే ఇంకొకటి. దీనికి జవాబు క్రిటికల్ పాత్. ఒకదాని తర్వాతే ఒకటి జరగాల్సిన పనుల గొలుసుల్లో అన్నిటికన్నా పొడుగైనది అది. ఆ గొలుసులో ఒక రోజు పోతే మొత్తం పనిలో ఒక రోజు పోయినట్టే. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసేనాటికి ఈ పద్ధతికి ఇంకా రూపం రాలేదు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీర్లు రెమింగ్టన్ రాండ్ వాళ్లతో కలిసి తయారుచేశారు. మరుసటి ఏడాది అక్కడి నౌకాదళం పొలారిస్ క్షిపణుల పని కోసం పెర్ట్ అనే దాని తోబుట్టువు వచ్చింది.

పేర్లు పెద్దవే కానీ సంగతి మన స్లాబ్‌లోనే ఉంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్ కింద ముట్లు (సెంట్రింగ్‌ను మోసే గుంజలు) 7 రోజులు ఉంచాలి, అంతకు మించితే 14 రోజులు. 6 మీటర్ల లోపు బీముల కిందైతే 14 రోజులు, పైనైతే 21. డబ్బు పోసినా, మనుషులను పెంచినా ఈ రోజులు తగ్గవు. కాబట్టి స్లాబ్ ఒక్క రోజు ముందు వేయడానికి ఎంత కష్టపడ్డా అది దక్కుతుంది, ఆ ముట్ల కింద ఎదురుచూసే రోజుల్లో ప్రహరీ పని రెండు రోజులు అటూ ఇటూ అయినా ఏమీ పోదు. ప్రహరీకి వెసులుబాటు ఉంది, స్లాబ్‌కు లేదు. ఇది తెలియక చాలామంది ఖాళీగా కనిపించిన పని దగ్గరకు మనుషులను తోలి, అసలు గొలుసును ఎండబెడతారు.

పెద్ద పనుల్లో ఇదే ఎంత తీవ్రంగా ఉంటుందో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం చూస్తే తెలుస్తుంది. సుమారు 44 కిలోమీటర్ల పొడవు. పైన నల్లమల పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తవ్వుకునే వీల్లేదు, రెండు చివర్ల నుంచే తవ్వుకు రావాలి. నేల మీద కాలువైతే పది చోట్ల పది యంత్రాలు దింపొచ్చు. సొరంగంలో ముందున్నది ఒక్క ముఖం. అక్కడ యంత్రం ఆగితే వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అలాంటి పనిలో ఎన్ని మీటర్లు అయిందన్న శాతం ఒక్కటీ చాలదు. ముందున్న రాయి ఎలా ఉంది, నీటి ఊట పెరుగుతోందా తగ్గుతోందా అన్నవి కూడా రోజూ చూసే పట్టికలో, అన్నిటికన్నా పైన, ఉండి తీరాలి. మీ పని చిన్నదైనా సరే, కూలీల భద్రత వరుసను ఆ పేజీలో మొదట పెట్టండి. లోతు పునాది గోతి అంచు కూలడానికి సొరంగమే అక్కర్లేదు.

ఖర్చుల పుస్తకం చెప్పేది, అది దాచేది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది దీని దగ్గరే.

ఒక గోదాం పని అనుకుందాం. మొత్తం అంచనా 24 లక్షలు, గడువు 6 నెలలు. పునాది నుంచి ప్లింత్ (గది నేల మట్టం) దాకా 5 లక్షలు, గోడలు 6, ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు), రేకులు 7, ఫ్లోరింగ్ 3, ప్లాస్టరింగ్, షట్టర్లు, రంగు 3. మూడు నెలలు నిండేసరికి 12 లక్షల పని అయి, 12 లక్షలు ఖర్చవ్వాలని ప్రణాళిక. మూడో నెలాఖరున ఖర్చుల పుస్తకం తీస్తే 11 లక్షలు ఖర్చయింది. యజమాని సంతోషపడ్డాడు. లక్ష మిగిలిందనుకున్నాడు. మనమూ అలాగే అనుకుంటాం.

ఇప్పుడు సైటు మీదకు టేపు పట్టుకుని వెళ్లండి. పునాది పూర్తయింది, అది 5 లక్షల పని. గోడలు మూడింట రెండు వంతులు లేచాయి, అది 4 లక్షల పని. ట్రస్సులు మొదలే కాలేదు. అంటే 11 లక్షలు పెట్టి మనం చేయించుకున్నది 9 లక్షల పని. లక్ష మిగలడం కాదు, 2 లక్షలు ఎక్కువ పోయింది, పైగా 3 లక్షల పని వెనకపడింది.

9ని 11తో భాగిస్తే 0.82. రూపాయి పెడితే 82 పైసల పని వస్తోందని దానర్థం. ఇదే తీరు కొనసాగితే 24 లక్షల పని 29 లక్షలు దాటుతుంది. 9ని 12తో భాగిస్తే 0.75. ఆరు నెలల పని ఎనిమిది నెలల వైపు పోతోంది. మూడు అంకెలు, రెండు భాగహారాలు. దీన్నే ఎర్న్‌డ్ వాల్యూ అంటారు, చేసిన పని విలువ అనుకుంటే సరిపోతుంది. మొదటి నిష్పత్తి సీపీఐ, రెండోది ఎస్‌పీఐ. అమెరికా రక్షణ శాఖ తన కాంట్రాక్టర్లకు దీన్ని నియమంగా పెట్టింది 1967లో. ఇందిరా గాంధీ సాగర్ కాల్వలకు నీళ్లు వదిలిన ఏడాది కూడా అదే.

చేతిలో ఎక్సెల్ ఉన్నా, ఫోన్లో గూగుల్ షీట్స్ ఉన్నా చాలు. ఒక్కసారి వేయడానికి ఇరవై నిమిషాలు. కానీ మూడు చోట్ల జాగ్రత్త పడకపోతే ఇదే లెక్క తప్పుదోవ పట్టిస్తుంది.

మొదటిది సరుకు. ధర పెరుగుతుందని సలాక (ఇనుప చువ్వలు) మొత్తం ముందే తెచ్చి దించితే ఖర్చులో అది ఎక్కుతుంది, పనిలో ఎక్కదు. సీపీఐ ఒక్కసారిగా పడిపోయి కంగారు పెడుతుంది. సైటు మీద మిగిలి ఉన్న సరుకు విలువ ఖర్చులో నుంచి తీసేసి చూడాలి. దీనికి తిరగేసింది ఉద్దెర. ఖాతా మీద తెచ్చి గోడలో కలిపేసిన సిమెంట్‌కు ఇంకా డబ్బు కట్టలేదని ఖర్చులో రాయకపోతే లెక్క అందంగా కనిపిస్తుంది. డబ్బు ఎప్పుడు చేతులు మారిందన్నది కాదు, సరుకు ఎప్పుడు వాడామన్నది చూడాలి.

రెండోది ‘గోడలు 90 శాతం’ అనే మాట. మొదట్లో చెప్పిన ‘అయిపోయినట్టే’కు అంకెల చొక్కా తొడిగినట్టు ఉంటుందది. నేను చిన్న పనులకు సున్నా లేదా నూరు అనే నియమం పెట్టుకున్నాను. గోడలను నాలుగు వైపులుగా, ఒక్కో వైపును సిల్ (కిటికీ అడుగు మట్టం), లింటెల్, పైభాగం అని ముక్కలుగా విడగొడతాను. ముక్క పూర్తయితే నూరు, కాకపోతే సున్నా. మధ్యలో ఏమీ లేదు. మేస్త్రీతో వాదన ఉండదు, ఇద్దరం చూసి ఒప్పుకునేదే ఉంటుంది. ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ నియమం వేరే చెప్పక్కర్లేదు. 5 లక్షలు దశలవారీగా నాలుగు విడతల్లో వస్తాయి, బేస్‌మెంట్ పూర్తయితేనే ఆ విడత వస్తుంది, సగం బేస్‌మెంట్‌కు సగం డబ్బు రాదు. కాబట్టి ఇంటి లెక్క కూడా అదే దశల మీద వేసుకోండి. వచ్చే విడతకు, చేతిలో ఉన్న డబ్బుకు మధ్య ఎన్ని వారాల కూలి సర్దుకోవాలో ముందే తెలుస్తుంది.

మూడోది చివరి దశ. పని ముగిసేకొద్దీ ఎస్‌పీఐ తనంతట తానే 1 దగ్గరకు వచ్చేస్తుంది, నాలుగు నెలలు ఆలస్యమైన పనికి కూడా. అప్పటికి చేయాల్సిన పని అంతా అయిపోతుంది కదా. అందుకే మూడింట రెండు వంతులు దాటాక ఆ నిష్పత్తిని పక్కనపెట్టి, బార్ చార్టు మీద మిగిలిన రోజులే చూస్తాను.

బట్వాడా రోజు ఒప్పందం

పై మూడూ ఉన్నా దెబ్బతిన్నాను ఒకసారి. దేవరకొండ వైపు బడి గదుల పని. స్లాబ్‌కు తేదీ పెట్టాం. ఉదయం ఆరింటికి మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) వచ్చింది, వైబ్రేటర్ వచ్చింది, ఇరవై మంది గుంపు వచ్చింది. కంకర, ఇసుక కుప్పలు పోసి ఉన్నాయి. పైకెక్కి చూస్తే కరెంటు పైపులు వేయలేదు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే "స్లాబ్ సోమవారం అనుకున్న అన్నా" అన్నాడు. రోజు పుస్తకం సరిగానే ఉంది. చార్టులో సలాక కట్టడం పూర్తయినట్టు ఎర్ర పట్టీ ఉంది. లెక్కలూ బాగున్నాయి. ఇవన్నీ చూసుకున్న నేను, రేపు ఏం జరగాలో చేసే మనిషిని నేరుగా అడగలేదు. మిల్లర్ కిరాయి, ఇరవై మంది కూలి ఆ రోజు ఊరికే పోయాయి.

ఆ తర్వాత మొదలుపెట్టిందే ఇది. వారం బట్వాడా రోజు ఎలాగూ అందరూ డబ్బుల కోసం ఒకచోట చేరతారు. కూలి లెక్క ముగిశాక ఒక పావుగంట. సుతారి మేస్త్రీ, సెంట్రింగ్ మేస్త్రీ, సలాక కట్టేవాళ్లు, ఎలక్ట్రీషియన్, ప్లంబర్. ఒక్కొక్కరినీ మూడే ప్రశ్నలు: వచ్చే వారం ఏ పని పూర్తిచేసి ఇస్తావు? ఏ రోజుకు? నీ ముందు ఏది అయి ఉండాలి? ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడే పక్కనున్నవాడు ‘అది నాతో కాదు, బుధవారం దాకా ఆగాలె’ అంటాడు. స్లాబ్ రోజు ఉదయం తెలియాల్సింది నాలుగు రోజుల ముందే తెలిసిపోతుంది.

వచ్చే బట్వాడాకు అదే కాగితం తీసి, ఇచ్చిన మాటల్లో ఎన్ని పూర్తయ్యాయో లెక్కపెడతాం. పదిలో ఆరు అంటే 60 శాతం. తక్కినవాటి పక్కన కారణం ఒక్క ముక్కలో: సరుకు రాలేదు, ముందు పని కాలేదు, మనుషులు రాలేదు, వాన, డ్రాయింగ్ మారింది. ఎవరినీ తిట్టను, కూలిలో కోత పెట్టను. కోత పెట్టిన మరుక్షణం నుంచి ఎవరూ నిజమైన మాట ఇవ్వరు, ‘నాతో కాదు’ అని చెప్పడం కూడా మానేస్తారు. నెల తిరిగేసరికి ఒకే కారణం నాలుగైదుసార్లు కనిపిస్తుంది. నేను సరిచేయాల్సింది దాన్నే. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు అమెరికాలో 1990ల్లో దీన్ని లాస్ట్ ప్లానర్ అనే పేరుతో ఒక పద్ధతిగా కూర్చారు. పని చివరికి చేసే మనిషే ఆ ప్రణాళికకు ఆఖరి కర్త అన్నది దాని మూలం.

గాడి తప్పాక ఎన్నాళ్లకు చెబుతుంది అన్న నా మొదటి ప్రశ్నకు ఈ పద్ధతి ఒక్కటే ‘తప్పకముందే’ అని జవాబిస్తుంది. అందుకే ఒకే ఒక్క పద్ధతి ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. డబ్బు సంగతి ఇది చెప్పదు, ఆ లోపం ఒప్పుకుంటాను.

సాఫ్ట్‌వేర్

ప్రిమావెరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ లాంటివి వేల పనుల మధ్య ముడులను గుర్తుపెట్టుకుంటాయి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. అలాంటి చోట బాయిలర్, టర్బైన్, బొగ్గు లైను, నీటి లైను ఒకదానికొకటి ఎక్కడ అడ్డుపడతాయో చార్టు షీటు మీద పట్టుకోవడం మనిషివల్ల కాదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల లాంటి ప్యాకేజీల పనుల్లో సబ్ కాంట్రాక్ట్ తీసుకుంటే పైవాళ్లు మీ షెడ్యూల్‌ను ఆ రూపంలోనే అడగొచ్చు. అప్పుడు తప్పదు.

కోటి లోపు పనికి మాత్రం కొనొద్దని నా సలహా. దాన్ని నడిపే మనిషికి జీతం ఇవ్వాలి, ఆ మనిషి వారం వారం సైటు తిరిగి తేదీలు ఎక్కించాలి. అలా ఎక్కించనిచోట షెడ్యూల్ ఒకటి ఆఫీసు ఫైల్లో ఉంటుంది, పని ఇంకొక దారిలో పోతుంది. ముడులు చూసుకోవడం నేర్చుకోవాలనుకుంటే ప్రాజెక్ట్‌లిబ్రే ఉచితంగా దొరుకుతుంది, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైళ్లనూ తెరుస్తుంది. నెలకు మనిషికింత అని కిరాయి తీసుకునే మొబైల్ యాప్‌లైతే, సిగ్నల్ లేనిచోట రాసుకుని తర్వాత పంపే వీలు ఉందో లేదో ముందు చూడండి. నల్లమల అంచు సైట్లలో అదే తేలుస్తుంది.

ఎవరికి ఏది

ఒక్క ఇల్లు కట్టుకుంటున్నారా? రోజు పుస్తకం, దశలవారీ డబ్బు లెక్క చాలు. ఇల్లు గుత్తకు ఇచ్చినా సరే పుస్తకం మీరే రాయండి.

20 నుంచి 60 లక్షల మధ్య పని చేయించే చిన్న కాంట్రాక్టరైతే రోజు పుస్తకం, గోడ మీద బార్ చార్టు, బట్వాడా రోజు కాగితం. నెలకు రెండుసార్లు 9, 11, 12 లెక్క. ఇవన్నీ కలిపినా వారానికి రెండు గంటలు దాటదు.

సాగర్ ఎడమ కాల్వ కింద లైనింగ్, తూముల మరమ్మతుల వంటివి వేరు. నీళ్లు ఆపిన రోజుల్లోనే పని, నీళ్లు వదిలే తేదీ ఎవరికోసమూ జరగదు. అక్కడ చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి, వారం కాదు, రోజు రోజూ సాయంత్రం ఎన్ని మీటర్లు అయిందో చూడాలి. ఖర్చు లెక్క ఆలస్యంగా చూసినా నష్టం లేదు, మీటర్ల లెక్క ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మూడు నాలుగు ఊళ్లలో ఒకేసారి పనులు పెట్టుకున్నవాళ్లకు ఎక్సెల్ తప్పనిసరి. ఒక్కో సైటుకు ఒక్క వరస, అందులో సీపీఐ, క్రిటికల్ గొలుసులో ఎన్ని రోజులు వెనక, నిలబెట్టుకున్న మాటల శాతం. మర్నాడు పొద్దున ఏ సైటుకు బండి తీయాలో ఆ పేజీ చెబుతుంది.

తెలిశాక

చూసుకోవడం సగం పనే. వెనకపడ్డామని తెలిశాక ఏం చేస్తామో పని మొదలవ్వకముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే టెన్షన్‌లో తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఒకటే: ఇంకో పది మందిని దింపు. ముగ్గురు సుతారీలు కట్టే 20 అడుగుల గోడ మీద ఆరుగురిని నిలబెడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగలడం తప్ప గోడ రెట్టింపు వేగంతో లేవదు. నీళ్లు లేక ఆగిన పనికి మనుషులను పెంచితే ఖాళీ కూలి పెరుగుతుంది. కారణం వరుస చూడకుండా మనుషులను పెంచొద్దు.

నేను పెట్టుకున్న గీతలు ఇవి. సీపీఐ 0.9 కిందకు దిగితే అదే వారం యజమానితో కూర్చుని మాట్లాడతాను, నెలాఖరు దాకా ఆగను. క్రిటికల్ గొలుసులో ఐదు రోజులు పోతే, పక్కపక్కన నడపగలిగే పనులు ఏమున్నాయో మేస్త్రీతో కలిసి చార్టు ముందు నిలబడి చూస్తాను. డబ్బు ఎక్కువిచ్చి వేగం కొనడం ఆ తర్వాతి మాట, అదీ గొలుసులో ఉన్న పనికే. సర్కారు పనైతే గడువు పొడిగింపు కోసం అర్జీ అగ్రిమెంట్ గడువు దాటకముందే, వాన పడిన రోజులు, సైటు అప్పగించడంలో పోయిన రోజులు రోజు పుస్తకం నుంచి ఎత్తిరాసి ఇవ్వాలి. గడువు దాటాక ఇచ్చే అర్జీకి జరిమానా తగ్గించే బలం చాలా తక్కువ. ఆ మూడు నిమిషాల రాత విలువ అప్పుడు తెలుస్తుంది.

ఇప్పటికే సగంలో ఉన్న పనికి ఇవన్నీ మొదటి నుంచి పట్టుకురావాలని చూడకండి. ఈ ఆదివారం టేపు పట్టుకుని మేస్త్రీతో కలిసి సైటంతా తిరగండి, పూర్తయిన ముక్కలు మాత్రమే రాయండి. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు కూడి ఒక గీత గీయండి. మిగిలిన పనికి కొత్త అంచనా, కొత్త తేదీలు ఆ గీత కింద నుంచి మొదలుపెట్టండి.